నమ్మకంతో మొదలై బాకీతో బిగిసే నేరం

మానవ అక్రమ రవాణా అన్న మాట వినగానే చాలామంది మనసులో మెదిలే చిత్రం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ముక్కూమొహం తెలియని మనిషి, నల్ల అద్దాల వ్యాను, మత్తుమందు చల్లిన చేతిరుమాలు, బయట తాళం వేసిన గది. అలాంటి ఘటనలు అసలే జరగవని అనడానికి వీల్లేకపోయినా, ఈ నేరంలో చిక్కుకుని బయటపడినవారి మాటలు విన్న పోలీసు అధికారులు, న్యాయవాదులు, పునరావాస కార్యకర్తలు చెప్పే సంగతి వేరు. వారి అనుభవంలో ఇది ఎక్కువగా ఊరివాడి మాటతోనో, దూరపు చుట్టం తెచ్చిన పెళ్లి సంబంధంతోనో, పట్నంలో పని చూపిస్తానన్న పక్కింటి మనిషి భరోసాతోనో, పండగ ముందు చేతిలో పెట్టిన అడ్వాన్సుతోనో మొదలవుతుంది. బాధితులు చాలాసార్లు తమ కాళ్లతో తామే నడిచి వెళ్లి రైలెక్కుతారు. సాగనంపడానికి ఇంటివాళ్లు స్టేషను దాకా వస్తారు. అసలు నేరం చేరిన చోట బయటపడుతుంది, ఎందుకంటే ఇందులో మనిషిని ఎత్తుకుపోవడం కంటె తిరిగి పోనివ్వకపోవడం ముఖ్యమైన అంశం.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పాకిన వదంతులు తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో అనేక చోట్ల మూకదాడులకు దారితీశాయి. ఆ మే నెలాఖరులో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. కొత్త మొహం కనబడితే చాలు అనుమానించే జనం, అదే కాలంలో తమ వీధిలోని గాజులు తయారుచేసే గదిలో తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పనిచేస్తున్న బీహార్ పిల్లలను రోజూ చూస్తూనే ఉండవచ్చు, వారిని ఎవరు తెచ్చారో అడగకపోవచ్చు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు అలాంటి గదుల నుంచి రెండు వందలకు పైగా పిల్లలను బయటికి తెచ్చినప్పుడు తేలిన విషయం ఏమిటంటే, వారిలో చాలామందిని ఎవరూ దొంగిలించలేదు; మధ్యవర్తులు తల్లిదండ్రుల చేతిలో కొంత సొమ్ము పెట్టి, నెలనెలా పంపుతామని చెప్పి, వారి కళ్లముందే వెంటబెట్టుకుని వచ్చారు.

చట్టం ఈ నేరాన్ని ఎలా నిర్వచించిందో చూస్తే అపోహల్లో సగం విడిపోతాయి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2000 నవంబరులో ఆమోదించిన ఒప్పందాన్ని, ఇటలీలోని నగరం పేరు మీద పలెర్మో ప్రోటోకాల్ అంటారు. భారతదేశం దాన్ని 2011లో ధ్రువీకరించింది. దాని ప్రకారం ఈ నేరానికి మూడు భాగాలున్నాయి. ఒకటి చేసిన పని, అంటే మనిషిని చేర్చుకోవడం, తరలించడం, మరొకరికి అప్పగించడం, దాచి ఉంచడం, స్వీకరించడం వంటి వాటిలో ఏదో ఒకటి. రెండోది అందుకు వాడిన సాధనం, అంటే బలప్రయోగం, బెదిరింపు, మోసం, అధికార దుర్వినియోగం, లేదా ఎదుటివారి నిస్సహాయతను వాడుకోవడం. మూడోది ఉద్దేశం, అంటే శ్రమ దోపిడీ, లైంగిక దోపిడీ, బానిసత్వం, అవయవాల తొలగింపు వంటివి. బాధితులు 18 ఏళ్లలోపు వారైతే రెండో భాగాన్ని రుజువు చేయవలసిన అవసరమే లేదని ఆ ఒప్పందం చెబుతుంది. మొదటి భాగంలోని పనుల్లో ఏ ఒక్కటి జరిగినా చాలు కనుక, మనిషిని ఊరు దాటించడం ఈ నేరానికి తప్పనిసరి కాదు; పుట్టిన ఊళ్లోనే, తెలిసిన ఇంట్లోనే ఒకరిని ఈ విధంగా పట్టి ఉంచినా అది ఈ నిర్వచనం కిందికే వస్తుంది. దొంగదారిలో సరిహద్దు దాటించడం వేరే నేరం. డబ్బు తీసుకుని మనిషిని అవతలి దేశంలో దించి వెళ్లిపోయేవాడి వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. దానికి అదే ఏడాది వేరే ప్రోటోకాల్ వచ్చింది.

భారతదేశంలో ఈ నేరానికి మూలాధారం రాజ్యాంగంలోని 23వ అధికరణం. మనుషుల క్రయవిక్రయాన్నీ, వెట్టిచాకిరీనీ అది ఒకే వాక్యంలో నిషేధించింది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఏర్పడిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక వెలువడిన 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షనును తిరగరాశారు. 2024 జూలై 1 నుంచి అదే అంశం భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనుగా అమలులో ఉంది, దోపిడీ రూపాల జాబితాలో భిక్షాటన కొత్తగా చేరింది. ఈ సెక్షనులో అన్నిటికంటె ఎక్కువగా మరపున పడే మాట, నేరం జరిగిందా లేదా అని తేల్చడంలో బాధితుల సమ్మతికి ప్రాధాన్యం లేదన్నది. “ఇష్టపడే కదా వెళ్లింది”, “డబ్బు తీసుకునే కదా సంతకం పెట్టాడు” అన్న వాదనలు రచ్చబండ దగ్గర నెగ్గుతాయి గాని, మోసంతోనో ఒత్తిడితోనో పొందిన అంగీకారాన్ని చట్టం అంగీకారంగా లెక్కించదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఢిల్లీలో ఏషియాడ్ క్రీడల నిర్మాణ పనుల్లో కూలీలకు కనీస వేతనం కూడా అందడం లేదంటూ ప్రజాస్వామిక హక్కుల సంఘం ఒకటి వేసిన కేసులో 1982లో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు ప్రకారం, కొరడా పట్టుకుని చేయించేది మాత్రమే బలవంతపు పని అనుకోవడం పొరపాటు. ఆకలి వల్ల, మరో దారి లేకపోవడం వల్ల కనీస వేతనం కంటె తక్కువకు ఒప్పుకున్న మనిషి చేసేది కూడా రాజ్యాంగం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుంది. నాలుగు దశాబ్దాలు గడిచినా ఈ తీర్పులోని అర్థం పోలీసు స్టేషన్ల దాకా పూర్తిగా దిగలేదు. గొలుసులు, గాయాలు కనబడని చోట కేసు కట్టడానికి జంకే అధికారులు ఇప్పటికీ ఉన్నారు.

శ్రమ దోపిడీ అనేది ఈ నేరంలో ఒక చిన్న పాయ మాత్రమేనని, అసలు ప్రవాహం వ్యభిచార గృహాలవైపే సాగుతుందని నమ్మేవారు చాలామంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏ రోజు లెక్క తీసినా సుమారు 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ శ్రమలో ఉన్నారు. వారిలో బలవంతపు లైంగిక వ్యాపారంలో ఉన్నవారు సుమారు 63 లక్షలు, ప్రైవేటు యజమానుల కింద పొలాల్లో, బట్టీల్లో, ఇళ్లలో, పడవల్లో, కార్ఖానాల్లో ఉన్నవారు అంతకు రెండు రెట్లకు మించి. వీరిలో పురుషుల సంఖ్య కూడా పెద్దదే. ఇంటి మగవాడు మోసపోయి ఎక్కడో ఇరుక్కున్నాడంటే దాన్ని దురదృష్టంగానో, అసమర్థతగానో చూస్తారు తప్ప నేరానికి గురయ్యాడని అనుకోకపోవడం ఇంకో దురభిప్రాయం.

తెలుగువారికి ఈ దోపిడీ పనిచేసే తీరు అర్థం కావాలంటే పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి జిల్లాల్లోని ఇటుక బట్టీలను చూడడమే మేలు. వినాయక చవితి మర్నాడు పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండగ వస్తుంది. కొత్త బియ్యం దేవుడికి పెట్టి తినే ఆ పండగ నాటికి బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల్లోని నిరుపేద ఇళ్లలో ఖర్చులకు డబ్బు ఉండదు. సర్దార్ అని పిలిచే కూలీల మేస్త్రీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లోకి వస్తాడు. అతను పరాయివాడు కాడు, చాలాసార్లు అదే ఊరివాడు, ఒకప్పుడు తానూ బట్టీలో పనిచేసినవాడు. భార్య, భర్త, వారితో ఒక పిల్లవాడు కలిసిన జట్టును పథురియా అంటారు; ఆ జట్టుకు అడ్వాన్సు ఇస్తే పంట నూర్పిడి అయ్యాక కుటుంబమంతా కాంటాబంజీ స్టేషనులో రైలెక్కి వానాకాలం ముందు వరకు ఆరేడు నెలలు బట్టీ దగ్గరే ఉండాలి. ఆ అడ్వాన్సుతో కూతురి పెళ్లి అవుతుంది, పాత అప్పు తీరుతుంది, ఆసుపత్రి బిల్లు కట్టడం అవుతుంది. అంటే బట్టీకి బయలుదేరకముందే కూలి ఖర్చయిపోయి, కుటుంబం ఖాతాలో బాకీ మాత్రమే మిగులుతుంది.

బట్టీ దగ్గర కూలి రోజువారీగా ఉండదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని ఉంటుంది. వారానికోసారి నూకలు, నూనె, ఉప్పు కొనుక్కోవడానికి కొంత ఇచ్చి, దాన్నీ ఖాతాలో రాస్తారు. వానకు కరిగిన ఇటుకలు, విరిగిన ఇటుకలు లెక్కలోకి రావు. జ్వరం వచ్చిన రోజులు, మందుల ఖర్చు మాత్రం లెక్కకు వస్తాయి. ఆ లెక్క రాసేది యజమాని గుమాస్తా. ఆ లిపి కూలీలకు రాదు, ఆ భాష కూడా రాదు. పిల్లలను పనిలోకి దించేది తల్లిదండ్రుల కఠినత్వం కాదు, ఇటుకల లెక్కన ఇచ్చే ఈ కూలి. ఎండుతున్న పచ్చి ఇటుకల మీద నడిచి వాటిని తిరగేయడానికి పిల్లల తేలిక ఒళ్లే అనువు, పెద్దల బరువుకు ఇటుక చెడుతుంది. సీజను చివర లెక్క తేలే దాకా ఎవరూ బట్టీ వదలకూడదు. పెళ్లికో చావుకో ఊరికి వెళ్లాలంటే జట్టులో ఒకరిని, సాధారణంగా భార్యనో బిడ్డనో, పూచీగా ఉంచి పోవాలి. ఎక్కడా తాళం లేదు, కాపలా కూడా కనబడకపోవచ్చు. బట్టీ రోడ్డు పక్కనే ఉంటుంది, ఆ దారిన బస్సులు తిరుగుతుంటాయి, చూసేవారికి అది మామూలు కూలిపనిలాగే కనబడుతుంది.

తాళం అవసరం ఎందుకు లేదో చెప్పే ఘటన 2013 డిసెంబరులో జరిగింది. అడ్వాన్సు తీసుకున్న జట్టులో కొందరు దారిలో తప్పించుకుపోయారన్న కోపంతో పశ్చిమ ఒడిశాకు చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులను మేస్త్రీల ముఠా నరికివేసింది; సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. అంత క్రూరత్వం అరుదు. కాని అది ఒక్కసారి జరిగితే చాలు, పది జిల్లాల్లో పది సీజన్ల పాటు ఎవరూ పారిపోరు.

ఇదంతా బయటి రాష్ట్రాలవారి సమస్య అనుకోవడం చరిత్రను మరచిపోవడమే అవుతుంది. అప్పుకు మనిషినే కుదువ పెట్టే ఇదే పద్ధతిని హైదరాబాద్ సంస్థానంలో భగేలా అనేవారు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు దొర ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసేవాడు. నిజాం ప్రభుత్వం 1936లో ఆ ఒప్పందాలకు పరిమితి విధిస్తూ నిబంధన తెచ్చినా గడీల ముందు అది కాగితంగానే మిగిలింది. బ్రిటిషు కాలంలో కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లి రంగూన్ ఓడరేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన వేలాది తెలుగు కూలీలను తీసుకుపోయింది కూడా మేస్త్రీలే, కట్టిపడేసింది కూడా అడ్వాన్సే. నిన్నమొన్నటి వరకు దేశంలో ఏ పెద్ద ఆనకట్ట కట్టినా కనిపించిన పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు ఇదే తీరున కూడగట్టారు. ఈ మేస్త్రీ వ్యవస్థ తెలుగునేలకు ఎంత పాతదంటే, దాన్ని ఎవరూ నేరంగా గుర్తుపట్టలేనంత పాతది.

పెళ్లి మాటున జరిగే అమ్మకం సంగతి కూడా అంతే. గురజాడ అప్పారావు కన్యాశుల్కం తొలి ముద్రణకు రాసుకున్న పీఠికలో, విజయనగరం మహారాజు సేకరింపజేసిన జాబితాలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు తేలాయని నమోదు చేశాడు. అందులో ఐదేళ్ల పసిపిల్లల పెళ్లిళ్లు 99. ఆ పిల్లల తండ్రులెవరూ తమను తాము అమ్మకందార్లుగా భావించి ఉండరు. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతర్ దేశాల నుంచి వచ్చిన వృద్ధ షేక్‌లను, వారికి పాతబస్తీ బాలికలను కొద్ది రోజుల ‘పెళ్లి’ పేరిట కుదిర్చిన దళారులను, ఖాజీలను అరెస్టు చేసినప్పుడు కూడా నిఖానామా, వయసు ధ్రువపత్రం వంటి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. కాగితం సక్రమంగా ఉంటే వ్యవహారం సక్రమమే అన్న భ్రమను ఈ వ్యాపారం బాగా వాడుకుంటుంది.

చదువుకున్నవారు ఇలాంటి ఉచ్చుల్లో పడరన్న ధీమా ఇటీవలి దాకా ఉండేది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఆ ధీమాను పోగొట్టింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ విశాఖ పరిసరాల ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర లక్షకు పైగా వసూలు చేసి, విమానంలో పంపిన యువకులను అక్కడి ముఠాలు కంప్యూటరు నైపుణ్యాన్ని బట్టి ధర కట్టి కొనుక్కున్నాయి. పాస్‌పోర్టు లాక్కుని, ఎత్తైన గోడల మధ్య సిబ్బంది నివాసాలతో సహా కట్టిన ప్రాంగణాల్లో ఉంచి, భారతీయులకే ఫోన్లు చేయించి, కొరియర్లో మాదకద్రవ్యాలు వచ్చాయని భయపెట్టే మోసాలూ, ప్రేమ నటించి పెట్టుబడులు పెట్టించే మోసాలూ వారి చేత చేయించాయి. రోజువారీ లక్ష్యం చేరకపోతే తిండి కోత, చీకటి గది. పని మానుకుంటామంటే వారిని కొన్న ధర తిరిగి కట్టాలి. మళ్లీ అదే బాకీ, కాకపోతే ఈసారి డాలర్లలో. ఆ మే 20న సిహనూక్‌విల్ నగరంలోని ఒక ప్రాంగణంలో దాదాపు మూడు వందల మంది భారతీయులు తిరగబడిన తర్వాతే ఈ వార్త దేశమంతటా తెలిసింది. ఇలాంటి పనిలో మియన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది నిర్బంధంలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులోనే అంచనా వేసింది. 2025 మార్చిలో మియన్మార్ కేంద్రాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకువచ్చారు, వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ ఉదంతం ఒక చిక్కు ప్రశ్న కూడా లేవదీసింది. అవతలి ఫోను దగ్గర డబ్బు పోగొట్టుకున్న వృద్ధుడికి ఆ యువకుడు దొంగ. కాని ఆ యువకుడు కూడా బందీయే. నిర్బంధంలో ఉండగా తప్పనిసరై చేసిన చట్టవిరుద్ధమైన పనులకు బాధితులను శిక్షించకూడదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2002లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. అయినా తిరిగి వచ్చినవారిలో బాధితుడెవరు, కమీషను కోసం తోటివారిని రప్పించినవాడెవరు అన్నది విచారణాధికారికి తేలికగా తేలే విషయం కాదు. కొందరు రెండూ అయి ఉంటారు.

పారిపోకపోవడం, ఫిర్యాదు చేయకపోవడం, విడిపించడానికి వచ్చినవారితోనే “నా ఇష్టంతోనే ఉన్నాను” అనడం బయటివారికి అర్థం కాని విషయాలు. దీని వెనుక ఉన్న హింసకు ఒక క్రమం ఉంది. తొలి రోజుల్లోనే ఫోనూ గుర్తింపు పత్రాలూ తీసేసుకుంటారు, భాష తెలియని చోట ఉంచుతారు, లైంగిక వ్యాపారంలోనైతే పేరు కూడా మార్చేస్తారు. తర్వాత వచ్చేవి దెబ్బలు, ఆకలి, నిద్ర లేకుండా చేయడం, ఇంటికి ఫొటోలు పంపుతామనే బెదిరింపు. ఆ తర్వాత కొంత దయ చూపిస్తారు: కడుపునిండా భోజనం, కొత్త బట్టలు, ఇంటికి పంపడానికి కొంచెం డబ్బు. కొట్టిన చేయే అన్నం పెట్టినప్పుడు, బయటి ప్రపంచంతో సంబంధం పూర్తిగా తెగినప్పుడు, మనసు ఆ చేతినే పట్టుకుంటుంది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు గాయపు బంధం అని వివరించే ఈ స్థితి బలహీనత కాదు, బతకడానికి మనసు వెతుక్కున్న దారి. దానికి తోడు, పోలీసులకు తమ వాటా అందుతుందని నిర్వాహకులు రోజూ చెప్పే మాట కొన్ని చోట్ల నిజమే కావడం, ఊరికి తిరిగి వెళ్తే ఎదురయ్యే అవమానం, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న భయం. ఇంతటి నిర్బంధానికి గదికి గొళ్లెం అక్కర్లేదు.

చిన్నప్పుడే ఈ నిర్బంధంలో పడినవారికి అది నిర్బంధమని కూడా తెలియదు. 2018 జూలై నెలాఖరులో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు విడిపించిన బాలికల్లో కొందరు తమను పెంచుతున్నవారినే అమ్మానాన్నలుగా భావించారు. త్వరగా ఎదిగినట్టు కనబడడానికి వారికి హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణ రాష్ట్రాన్ని కలవరపెట్టింది. ఆ ఇళ్లు ఊరికి దూరంగా లేవు. ఏటా లక్షల మంది భక్తులు నడిచే వీధుల్లోనే ఉన్నాయి.

అలాగని లైంగిక వృత్తిలో ఉన్న ప్రతి స్త్రీ అక్రమ రవాణా బాధితురాలే అనుకోవడం ఇంకో కొసకు పోవడం. వయోజనులు తమ ఇష్టంతో ఈ వృత్తిలో ఉన్నప్పుడు వారిని అరెస్టు చేయడం, జరిమానాలతో వేధించడం, దాడుల్లో హింసించడం తగదని 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో స్పష్టం చేసింది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కూడా శిక్షించేది ప్రధానంగా గృహం నడిపేవారిని, ఆ సంపాదన మీద బతికేవారిని, మనుషులను తెచ్చేవారిని. ఈ తేడా పాటించని దాడుల్లో పట్టుబడిన స్త్రీలు నెలల తరబడి సంరక్షణ గృహాల్లో ఉండిపోతారు, నిర్వాహకులు వారంలో బెయిలు మీద బయటికి వస్తారు. రక్షణ పేరుతో జరిగే ఈ అన్యాయానికి సమాజంలో చప్పట్లు కూడా దక్కుతాయి.

గల్ఫ్ వలసను గురించి ఒక్క మాట చాలు. కడప, కోనసీమ, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్లేవారిలో అత్యధికులు కష్టపడి సంపాదించి తిరిగి వచ్చేవారే కనుక, విదేశీ ఉద్యోగమంతా మోసమన్న భయం తప్పు. కాని విజిట్ వీసా మీద పనికి పంపేవాడు, కేంద్ర విదేశాంగ శాఖ నమోదు లేని ఏజెంటు, సేవారుసుముగా చట్టం అనుమతించిన 30,000 రూపాయలకు, దాని మీది పన్నుకు మించి అడిగేవాడు చట్టాన్ని ముందే ఉల్లంఘించాడని గుర్తించాలి. ప్రభుత్వ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే సంస్థలు విదేశీ ఉద్యోగాలకు చట్టబద్ధంగా పంపడానికే ఉన్నాయి.

అంకెల విషయంలో కూడా ఒక అపోహ ఏటా పునరావృతమవుతుంది. జాతీయ నేర నమోదు సంస్థ 2022 గణాంకాల్లో దేశవ్యాప్తంగా 2,250 మానవ అక్రమ రవాణా కేసులుంటే, వాటిలో 391 కేసులతో తెలంగాణ మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని రాష్ట్రానికి మచ్చగా పత్రికలు రాశాయి. ఆ అంకె చెప్పేది నేరం ఎంత జరిగిందో కాదు, ఎంత నమోదైందో; వెతికే యంత్రాంగం ఉన్న చోట అంకె పెరుగుతుంది, కళ్లు మూసుకున్న చోట సున్నాకు దగ్గరవుతుంది. కోట్ల మంది వలస కూలీలున్న దేశంలో ఏడాదికి రెండు వేల పైచిలుకు కేసులే ఉన్నాయంటే, కలవరపడవలసింది చివరి వరుసలో నిలిచిన రాష్ట్రాలను చూసి.

విడిపించడంతో కథ ముగిసిపోతుందని అనుకోవడం అన్ని అపోహల్లో ఖరీదైనది. 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం కింద బయటపడిన మనిషికి జిల్లా కలెక్టరు గాని రెవెన్యూ డివిజనల్ అధికారి గాని విముక్తి ధ్రువపత్రం ఇవ్వాలి. అప్పు రద్దయిందనడానికి, పునరావాస సహాయం అడగడానికి ఆ కాగితమే ఆధారం. 2016 నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం ప్రకారం వయోజన పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, లైంగిక దోపిడీ వంటి తీవ్ర సందర్భాల్లో మూడు లక్షల రూపాయల వరకు రావాలి. అయితే ఆ సొమ్ములో ప్రధాన భాగాన్ని యజమానికి శిక్ష పడడంతో ముడిపెట్టారు. కేసు తెలంగాణలో, బాధితులు ఒడిశాలో, సాక్ష్యం చెప్పడానికి వాయిదా వాయిదాకు రైలు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తెలియని పరిస్థితిలో శిక్షలు పడడం అరుదు. చాలా సందర్భాల్లో అధికారులు కూలీలను రాత్రికి రాత్రి రైలెక్కించి, ధ్రువపత్రం ఇవ్వకుండానే ఊరికి పంపి, సమస్య తీరిందని నివేదిక రాస్తారు. అలా తిరిగి వెళ్లిన కుటుంబం మీద పాత అడ్వాన్సు బాకీ అలాగే ఉంటుంది. మళ్లీ నువాఖాయి వస్తుంది, మళ్లీ సర్దార్ వస్తాడు.

బట్టీలోనో, చేపల చెరువు దగ్గరో, పై అంతస్తు ఫ్లాటులోనో ఇలాంటి నిర్బంధం ఉందన్న అనుమానం కలిగినవారు 112కు గాని, పిల్లల విషయమైతే 1098కు గాని, మహిళల విషయమైతే 181కు గాని ఫోను చేయవచ్చు, నేరుగా కలెక్టరుకు ఒక ఉత్తరం రాసినా చాలు. ఫిర్యాదు చేసేవారు చేతిలో రుజువులు పెట్టుకుని రావాలన్న నియమం ఏదీ లేదు. కూలీ గాని, జిల్లాలోని నిఘా సంఘం గాని ఫలానాది వెట్టి బాకీ అని చెప్పిన తర్వాత, అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన భారాన్ని 1976 చట్టంలోని 15వ సెక్షను అప్పు ఇచ్చినవాడి మీదే పెట్టింది.